గొల్లభామల పెంపకము

కీటకములను చంపి, సూదులకు గ్రుచ్చి, పెట్టెలలో వరుసగా నమర్చి, వాని కాళ్లను రెక్కలను కొలిచి వ్రాయుటయే ప్రకృతిశాస్త్రమునకు పరమావధియని పండితులలో పెక్కుమంది తలచుచుండిన కాలమున, దక్షిణ ఫ్రాన్సునందలి సెరిన్యాన్ గ్రామములో, రాళ్లును ముండ్లతుప్పలును తప్ప మఱేమియు పండని యొక బీటినేలను సంపాదించుకొని, ప్రాణములతో తిరుగాడు పురుగుల నడుమనే శేషజీవితమును గడపిన జాఁ హెన్రీ ఫాబ్రే యను నుపాధ్యాయుడు గొల్లభామలను తన యింట పెంచి చూచెను. ఆయన 1823లో జన్మించి 1915లో గతించెను. 1879 మొదలు తుదివఱకు ఆ బీడే ఆయనకు ప్రయోగశాల. ఇసుక పోసిన పళ్లెము, దానిపై బోర్లించిన సన్నని తీగెల బోను, లోపల నొక యెండిన తుప్పకొమ్మ, గ్రుడ్లు పెట్టుట కనువుగా నొక చదునైన రాయి: ఆయన సాధనసామగ్రి యంతయు నింతియే. మిడతలను పట్టి తెచ్చు పల్లెపిల్లలకు రొట్టెముక్కయు పుచ్చకాయ ముక్కయు కూలి. పది సంపుటముల యాయన కీటకస్మృతులలో అయిదవ సంపుటమున గొల్లభామను గూర్చి వ్రాసిన ప్రకరణములు నేటికిని ఈ విద్యకు తొలివాచకమని నేను భావింతును.

గొల్లభామను పెంచుటకు సాధారణముగా రెండు కారణములు చెప్పుదురు. తోటలోని చీడపురుగులను తినునని యొకటి. చూచుటకు వింతగానుండి పిల్లలకు వినోదము గూర్చునని మఱియొకటి. మొదటిది సగము మాత్రమే నిజము. ఆ విషయము ముందు చెప్పెదను. ఈ రెండింటిని మించినది వేఱొకటి కలదు. ఒక ప్రాణియొక్క జీవితమును గ్రుడ్డు మొదలుకొని మరల గ్రుడ్డు పెట్టువఱకు, సంవత్సరకాలము మించకుండ, ఒక కిటికీప్రక్కనే యాద్యంతము కన్నులార చూడగల భాగ్యము మనకు మఱి యే ప్రాణివలనను ఇంత సులభముగా లభింపదు. అయితే ఆ చూపు సత్యమగునో కాదో పెంపకపు తీరునుబట్టి యుండును.

పెంపకము గ్రుడ్ల తిత్తితో నారంభమగును. ఆడుది కొమ్మకు తలక్రిందుగా వ్రేలాడి, ఉదరాగ్రమునుండి యొక జిగటద్రవమును స్రవించుచు, దానిని అచటి చిన్న యవయవములతో చిలుకగా, కవ్వము క్రింద మజ్జిగపై లేచు నురుగువంటి నురుగు పుట్టును. ఆ నురుగునడుమ వరుసవరుసలుగా గ్రుడ్లు నిలుపబడును. కొంతసేపటికి నదియంతయు గట్టిపడి తేలికయైన బెండువలె నగును. లోపల చిక్కుకొన్న గాలి యెండను, చలిని, వానను అడ్డును. మన తోటలలో మల్లె, దానిమ్మ, గోరింట కొమ్మలపైనను, కంచెకఱ్ఱలపైనను, గోడమూలలయందును వీనిని వెదకవచ్చును. దొరకిన తిత్తిని గోటితో నూడబెఱుకరాదు. కొమ్మతోగూడ కత్తిరించి తెచ్చి, చెట్టుపై నెట్లుండెనో యట్లే నిలువునకు వ్రేలాడగట్టవలెను. క్రింద జానెడు ఖాళీ విడువవలెను. ఎందుకో పిల్లలు వెలువడునపుడు తెలియును. ప్రక్కలయందు సన్నని గుండ్రని రంధ్రములు కనిపించినచో ఆ తిత్తిపై నాస పెట్టుకొన నక్కఱలేదు: పోడాగ్రియన్ జాతి కందిరీగ యొకటి తన పొడవైన గొట్టముతో ఆ నురుగును దొలిచి గ్రుడ్లలో గ్రుడ్లు పెట్టియుండును, దాని సంతతియే ఆ రంధ్రములగుండ వెడలిపోయియుండును.

శీతదేశములందు ఐరోపా గొల్లభామ గ్రుడ్లకు హేమంతపు చలి సోకినగాని పిల్లలు పుట్టవు గనుక, వానిని పెంచువారు కొన్నినెలలు చల్లనిచోట దాచుదురు. మన పెద్ద ఆకుపచ్చ గొల్లభామకు (దీని ప్రజాతిని హైరోడ్యులా యందురు) ఆ నిర్బంధము లేదు. ఇరువదియైదు మొదలు ముప్పది డిగ్రీల వేడిమియు, అపుడపుడు చిలికిన నీటితుంపరయు నున్న, ఒకటి రెండు నెలలలో పిల్లలు వెలువడును.

అది తఱచుగా ఉదయమున జరుగును. తిత్తి నడిమి చాలునుండి సన్నని పొరలో చుట్టబడిన పసుపువన్నె ప్రాణులు మెలికలు తిరుగుచు బయటికి జాఱి, సన్నని దారములకు వ్రేలాడుచు ఆ పొరను విడుచును. అప్పుడే కాళ్లును మీసములును విడివడి, అవి గొల్లభామ రూపమును ధరించును. పెద్దదానికున్న యంగములన్నియు, రెక్కలు దప్ప, ఆ క్షణముననే కలవు. వేట కాళ్లు సైతము ముడిచికొని యుండును. గంట రెండుగంటలలో దేహములు గట్టిపడి, నూటికి పైబడిన పిల్లలు నలుదెసల ప్రాకసాగును. ఫాబ్రే ఈ ఘట్టమును వర్ణించుచు, ఆ సమయమున చీమలు తిత్తి క్రింద కాచుకొని యెట్లు మారణకాండ జరుపునో వ్రాసెను. మన యింటను చీమలే ప్రథమశత్రువులు. పెట్టెను నీరుపోసిన పళ్లెము నడుమ నిలుపుట మంచిది.

అన్నింటిని పెంచుదునను నాశ ఇచటనే విడువవలెను. ఒక్కచోట నుంచినచో నవి యొకదాని నొకటి తినును. అందులకు వానిని నిందించుట తగదు, వాని లోకమున కదలునదియెల్ల నాహారమే. పది పండ్రెండింటిని వేఱువేఱు సీసాలలో నుంచి, తక్కినవానిని ఒక్కచెట్టుపై గుమ్మరింపక, తోటయంతట దూరదూరముగా విడువవలెను. తొలి యాహారము పండ్లయీగలు: మగ్గిన అరటిపండును సీసాలో వేసి పలుచని గుడ్డ కట్టిన పదిపండ్రెండు దినములలో కావలసినన్ని పుట్టును. పిల్ల పెరిగినకొలది ఇంటియీగలు, దీపపు పురుగులు, చిన్న మిడతలు, కీచురాళ్లు. మందు చల్లిన చేనినుండి పట్టిన పురుగును మాత్ర మెన్నడును పెట్టరాదు. ఎంత పెట్టవలెనన్నది దాని కడుపే చెప్పును; ఉబ్బియున్న మానవలెను, పల్చబడిన పెట్టవలెను. త్రాగుటకు గిన్నెలో నీరు పనికిరాదు. గోడలపై చిలికిన తుంపరలోని బిందువులను అది నోటితో నందుకొనును. ఆ తడి సాయంత్రములోపల నారిపోవలెను, లేనిచో బూజు పట్టును.

ఈ విద్యకంతటికి ఆయువుపట్టు కుబుసము విడుచుట. గొల్లభామ పెరుగుచు ఆఱు మొదలు తొమ్మిది మార్లు కుబుసము విడుచును; మగవి ఆడువానికంటె ఒకటి రెండు మార్లు తక్కువ. అందులకు ముందు ఒకటి రెండు దినములు అది ఆహారమును ముట్టదు. తెలియనివారు జబ్బుచేసినదని బెంగపడి, మఱింత పెద్ద మిడతను లోనికి వదలుదురు; ఆ మిడతయే, మెత్తనిదేహముతో నిస్సహాయముగా వ్రేలాడుచున్న దానిని కొఱికి చంపవచ్చును. సమయము వచ్చినపుడు అది పైకప్పును వెనుకకాళ్లతో గట్టిగా పట్టి తలక్రిందుగా వ్రేలాడును. వీపుపై చర్మము చిట్లును. దేహము మెల్లమెల్లగా క్రిందికి జాఱును. మీసములు, సన్నని కాళ్లు తమ పాత తొడుగులలోనుండి ఒక్కొక్కటిగా బయటపడును. ఇందులకు భూమ్యాకర్షణమే సహాయము. కనుక పెట్టె యెత్తు ఆ పురుగు పొడవునకు మూడింతలైనను, వెడల్పు రెండింతలైనను ఉండవలెను. కప్పుకు గాజుగాని నున్నని ప్లాస్టిక్కుగాని కాక, గోళ్లు తగులుకొనునట్టి దోమతెరగుడ్డ బిగింపవలెను. ఎనిమిది సెంటీమీటర్ల ఆడుదానికి ఇరువదినాలుగు సెంటీమీటర్ల యెత్తుకు తక్కువైన యిల్లు చెఱసాలయే కాదు, వధ్యశాల. పట్టు తప్పి పడినది వంకరకాళ్లతో మిగులును, లేదా చచ్చును. పిల్లతనమున నొక కాలు పోయినను, తరువాతి కుబుసములలో నది మరల మొలచును. తుది కుబుసముతో రెక్కలు వచ్చిన పిమ్మట ఆ యవకాశము లేదు.

ఇంత దగ్గఱగా పెంచినవానికే తెలియు సంగతులు కొన్ని కలవు. మనము కదలినపుడు అది తల త్రిప్పి మనవైపు చూచును. కంటిలోని నల్లని చుక్క మనలను వెంబడించినట్లు తోచును. ఆ చుక్క నిజముగా కంటిపాప కాదు: మనకు నేరుగా ఎదురుగానున్న కంటిగదులు వెలుతురును లోనికి గ్రహించుటచే ఆ భాగము నల్లగా కన్పట్టును. రెండు కన్నులతో దూరమును గ్రహించు శక్తి గొల్లభామకు కలదని 1983లో సామ్యుయెల్ రోసెల్ నిరూపించెను. ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయమువారు తేనెమైనముతో నతికిన చిన్ని కళ్లద్దములను దానికి తొడిగి, తెరపై బొమ్మలు చూపి, ఆ శక్తిని మఱింత పరీక్షించి 2016లో ప్రకటించిరి. 1986లో యేగర్, హాయ్ అనువారు దాని యెదక్రింద నడుమ నొకే యొక చెవి కలదనియు, అది గబ్బిలముల కూతవంటి యతిధ్వనిని వినుననియు కనుగొనిరి.

సంగమమును గూర్చి లోకమున నొక్కటే కథ ప్రచారములో నున్నది: ఆడుది మగదానిని తినివేయునని. ఒకే ఆడుది రెండు వారములలో ఏడు మగవానిని భక్షించుట తాను చూచితినని ఫాబ్రే వ్రాసెను. 1935లో కెన్నెత్ రోడర్ తల పోయిన మగదియు సంగమింపగలదని చూపి, తలలోని నాడీకేంద్రము ఆ చేష్టను అడ్డగించుచుండునని వివరించెను. అయితే 1987లో లిస్కె, డేవిస్ అనువారు చైనా గొల్లభామలకు కడుపునిండ తిండి పెట్టి, మనుష్యుల యలజడి లేకుండ చలనచిత్రములు తీయగా, ఆ భక్షణము జరుగనే లేదు. సుదీర్ఘమైన ప్రణయచేష్టలే కానవచ్చెను. ఆరుబయట భక్షణము లేకపోలేదు; కాని ఇఱుకు బోనులో ఆకలిగొన్న ఆడుదాని ప్రవర్తనము దాని స్వభావమంతటికి సాక్ష్యము కాజాలదు. ఫాబ్రేయందు నాకుగల గౌరవము తగ్గకుండగనే ఈ మాట చెప్పుచున్నాను. కావున తుది కుబుసము విడిచిన రెండుమూడు వారములకు, ఆడుదానిని తృప్తిగా మేపి, విశాలమైన పెట్టెలో మగదానిని వెనుకనుండి చేరనీయవలెను. ఉదరపు అడుగుభాగమున ఆఱు ఖండములు కనిపించినది ఆడుది, ఎనిమిది కనిపించినది మగది.

ఇక తోటసంగతి. అమెరికాలో 1896 ప్రాంతమున ఫిలడెల్ఫియా దాపున చైనా గొల్లభామయు, 1899లో న్యూయార్కు రాష్ట్రపు రోచెస్టరులో ఐరోపా గొల్లభామయు కన్పట్టినవి. అటుపిమ్మట గ్రుడ్ల తిత్తులను తోటమాలులకు అమ్ముట యచట నొక వ్యాపారమయ్యెను. కాని గొల్లభామకు శత్రుమిత్ర వివేకము లేదు. అది గొంగళిపురుగును తినునట్లే తేనెటీగను, సీతాకోకచిలుకను, తన తోబుట్టువును తినును. పేనుబంకవంటి సూక్ష్మమైన చీడ పెరిగినదానికి ఆననే ఆనదు. గొల్లభామలు చిన్నపక్షులను పట్టి తినిన 147 సందర్భములను పదమూడు దేశములనుండి సేకరించి 2017లో ప్రకటించిరి. అందు పెక్కు అమెరికాలోని హమ్మింగు పక్షులే. మన వరిచేల మిత్రపురుగుల పట్టికలో దీనిపేరును చేర్చుట తప్పుకాదు; సాలెపురుగులు, తూనీగలు, అక్షింతల పురుగులతోపాటు ఇదియు నొక కాపరియే. ఇది యొక్కటే చీడను హరించునని నమ్మి పరదేశపు తిత్తులను తెప్పించుట మాత్రము అవివేకము, స్థానికజాతులకు ద్రోహము. మన తోటకు మనము చేయగల నిజమైన సాయము అంతకంటె సులభమైనది: విషపు మందులు చల్లక మానుట, కొమ్మలు కత్తిరించునపుడు గ్రుడ్ల తిత్తులను వెదకి, తిత్తియున్న ముక్కను చెత్తలో పారవేయక వేఱొక చెట్టుకు కట్టుట.

పరదేశముల పెంపకందార్లు ఎంతయో కోరి పెంచునది మన దక్షిణభారత, సింహళములకు చెందిన గొల్లభామ యగుట మనలో పెక్కుమంది యెఱుగరు. లినేయస్ పండితుడు 1758లోనే పేర్కొన్న గాంగిలస్ గాంగిలోడిస్ అది. కాడవంటి పొడవైన మెడభాగము, దాని కొసన పళ్లెమువలె విచ్చుకొన్న పలక, కాళ్లపై ఎండుటాకు తునకలవంటి విస్తరణములు, గాలి వీచినపుడు తానును ఊగుట: ఎండిన తుప్పలో నది కంటబడుట దుర్లభము. పలక అడుగువైపు ఊదానీలపు వన్నె పూవును భ్రమింపజేయును. మగదాని మీసములు ఈకలవలె నుండును. జేమ్స్ వుడ్-మేసన్ 1889లో కలకత్తాలోని ఇండియన్ మ్యూజియము గొల్లభామల పట్టికను ప్రకటించిన నాటినుండి మన దేశపు జాతులను గూర్చి విద్వాంసులు వ్రాయుచునే యున్నారు. వానిని ప్రాణముతో పెంచి చూచు శ్రద్ధయే మన యిండ్లలో నింకను పెరుగవలసియున్నది. గాంగిలసునకు తడికంటె ఎండ ప్రియము. ముప్పదియైదు డిగ్రీల వేడిమిలో నిది హాయిగా నుండును. నేలపై ప్రాకువానిని అంతగా లెక్కచేయదు, ఎగురు ఈగలనే కోరును. అన్నిటికంటె విశేషమేమనగా, తిండికి కొఱతలేనిచో పదింటిని ఒక్క పెట్టెలో పెంచినను ఒకదాని నొకటి తినుట అరుదు. క్రొత్తగా మొదలుపెట్టువారు హైరోడ్యులాతో చేయి తిరిగిన పిదప దీనిని చేపట్టుట మేలు. పట్టినచోటను గుర్తుంచుకొని, తమ పెంపకమున పుట్టిన పిల్లలలో సగమునైనను ఆ తుప్పలలోనే మరల విడిచిపెట్టవలెను.