పొర ఉన్న రాయి, పొర లేని కాంక్రీటు

బేతంచెర్ల నాపబండను ఎండలో నిలబెట్టి చూస్తే అందులో రెండు రకాల కోతలు కనిపిస్తాయి. పైముఖం కాస్త గరుకుగా, సన్నని అలలు తేలినట్టు ఉంటుంది. దాన్ని ఎవరూ కోయలేదు. రాయే తన పొర వెంట విడిపోయింది. అంచులు మాత్రం సూటిగా, నున్నగా ఉంటాయి. వాటిని వజ్రపు పళ్ళున్న బ్లేడు తెంచింది. ప్రకృతి పరిచిన తలం, మనిషి గీసిన రేఖ ఒకే బండలో కలిసి ఉన్నాయి. ఎక్కడ చీల్చాలో, ఎక్కడ కోయాలో తెలిసిన చేయి దాన్ని గని నుంచి బయటికి తెచ్చింది. కర్నూలు, కడప మిద్దెల్లో తరతరాలుగా పాదాల కింద ఉన్న ఈ అందానికి మనం ఇవ్వాల్సిన గౌరవం ఇంకా బాకీ ఉంది.

ఈ రాయి ఎందుకు ఇలా విడిపోతుందో తెలిస్తే దాని మీద ప్రేమ పెరుగుతుంది. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1872లో కడప, కర్నూలు శిలలపై పెద్ద గ్రంథం వెలువరించాడు. ఆ తర్వాత స్థిరపడిన శిలా వరుసలో పేర్లన్నీ మన ఊళ్ళవే: అడుగున బనగానపల్లె ఇసుకరాయి, దాని మీద మన నాపబండ పుట్టిన నార్జి సున్నపురాయి, ఆపైన అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. జీవులకు ఇంకా గట్టి గుల్లలు ఏర్పడని కాలంలో ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున సున్నపు బురద పొరపొరగా దిగింది. మధ్యమధ్య సన్నటి బంకమట్టి వచ్చి చేరింది. ఆ బంకమట్టి చారలే ఈనాడు గడ్డపారకు దారి ఇస్తున్నాయి. వానలు సరిగా పడని ఈ నేల కింద ఉన్నదంతా నీరు రాసిపెట్టిన పుస్తకమే. పొర చీల్చడమంటే అందులో ఒక పుట విప్పడం.

ఆ పుట విప్పే పనిని గమనించాలి. గనిలో పైమట్టి తీశాక పరుపు పరుపుగా రాయి బయటపడుతుంది. బండ కొట్టే మనిషి మొదట సమ్మెటతో తట్టి వింటాడు. నిండైన బండ కంచులా మోగుతుంది. లోపల పగులుంటే మోత చచ్చుగా వస్తుంది. చెవి ఒప్పుకున్నాకే చేయి కదులుతుంది. ఉలితో గీత వేసి, అంచు దగ్గర పొర సందు చూసి, గడ్డపార మొన దూర్చి, బరువంతా ఒక్కసారి వేయకుండా అంగుళం అంగుళం జరుపుతూ లేపుతాడు. బలం తక్కువైతే బండ లేవదు, ఎక్కువైతే విరుగుతుంది. ఈ రెండింటి మధ్య ఇరుకులోనే ఆ పని సౌందర్యమంతా ఉంది. బండ ఒక్కసారిగా పరుపు వదిలి పైకి లేచినప్పుడు దాని కొత్త ముఖం మొదటిసారి వెలుగు చూస్తుంది. కోట్ల ఏళ్ళలో ఏ కన్నూ చూడని తలం అది.

పొరకు అడ్డంగా వెళ్ళాల్సి వచ్చినప్పుడు మాత్రం రాయి ఏ సాయమూ చేయదు. అక్కడ బ్లేడు కావాలి. ఉక్కు చక్రం అంచున అతికించిన లోహపు ముక్కల్లో వజ్రపు రేణువులు పొదిగి ఉంటాయి. రాతిని రాపాడేది ఆ వజ్రమే, ఉక్కు దాన్ని మోసే చేయి మాత్రమే. ఈ సీమలో ఆ మాటకు ఇంకా లోతుంది. నార్జి రాయికి అడుగున ఉన్న బనగానపల్లె గులకరాతి పొర ఒకప్పుడు వజ్రాల గని. జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరి పడగానే జనం ఇప్పటికీ తలవంచి వజ్రాలు వెతుకుతారు. నేటి బ్లేడుల్లోని వజ్రాలు ఫ్యాక్టరీల్లో తయారైనవే. అయినా కింది పొరలో దొరికే ఖనిజమే పై పొరను కోస్తున్నదన్న ఊహ మనసును వదలదు.

బ్లేడు తయారీలో ఇంకో చిత్రమైన న్యాయం ఉంది. గట్టి రాతిని కోసే బ్లేడుకు వజ్రాలను పట్టి ఉంచే లోహం మెత్తగా ఉండాలి. అప్పుడే మొద్దుబారిన వజ్రాలు త్వరగా రాలి, కొత్త కొనలు బయటికి వస్తాయి. ఇసుకలా రాపిడి పెట్టే మెత్తని పదార్థానికైతే లోహం గట్టిగా ఉండాలి, లేకపోతే వజ్రాలు పనికి రాకముందే ఊడిపోతాయి. ఎదుటివాడి స్వభావం ఎరిగి తన స్వభావాన్ని అమర్చుకోవడం ఇక్కడ పనిముట్టుకే ధర్మమైంది.

మనిషి కంటే ముందు ఈ రాతిని కోసింది నీరు. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు నీరు సున్నపురాతిని కరిగిస్తూ తొలిచినవి. భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వాటిని ప్రస్తావించాడు. 1982, 83లలో గెబౌవర్ నాయకత్వంలోని జర్మన్ బృందం వాటిని కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. ఆ గోడల మీద ఎక్కడా పదునైన అంచు లేదు. వంపులే తప్ప మూలలు లేవు. గండికోటలో పెన్న చేసిన కోత పూర్తిగా వేరు. అక్కడ రాయి ఎర్రని గట్టి క్వార్ట్జైట్, నీటికి కరగదు. నది దాన్ని అరగదీస్తూ దిగితే బీటల వెంట దిమ్మెలు దిమ్మెలుగా రాలి నిట్టనిలువు గోడలు మిగిలాయి. కోసింది ఒకే నీరు, రెండు చోట్లా రూపాలు వేరు. కోత రూపాన్ని నిర్ణయించేది పనిముట్టు ఒక్కటే కాదని, తెగే పదార్థానికీ అందులో సగం పాలుందని ఈ రెండు చోట్లా కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది.

ఇక కాంక్రీటు. రాతి నుంచి దాని దాకా వచ్చిన దారి ఒక్క ఊళ్ళోనే కనిపిస్తుంది. ఎర్రగుంట్ల మండలం కలమళ్ళలో చెన్నకేశవాలయ ఆవరణలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనుంజయుడి శాసనం ఉంది. క్రీ.శ. 575 ప్రాంతానిది, తెలుగులో దొరికిన శాసనాల్లో తొలిదిగా పేరుపొందింది. తెలుగు వాక్యం మనకు మిగిలింది ఉలి కోతగానే. అదే ఊరి పక్కన 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది. చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. మన సున్నపురాతినే బంకమన్నుతో కలిపి 1,450 డిగ్రీల దగ్గర కాల్చి, వచ్చిన క్లింకర్‌కు జిప్సం చేర్చి పొడి చేస్తే సిమెంటు. బొగ్గు కాల్చగా మిగిలిన బూడిద కూడా అందులో చేరుతుంది. సముద్రం పరిచిన పొరలన్నీ ఆ కొలిమిలో చెరిగిపోతాయి. నీళ్ళు, ఇసుక, కంకర కలిసి మళ్ళీ రాయి అవుతుంది గాని ఆ రాయికి పొర ఉండదు. సమ్మెటతో తట్టినా ఇక్కడ చీల్చమని చెప్పదు. పైగా లోపల ఇనుప కడ్డీలు దాక్కుని ఉంటాయి. అందుకే కాంక్రీటును కోసేవాడు పొరను తన ఆలోచనలో కల్పించుకోవాలి. బరువు ఎటు ప్రవహిస్తోంది, కడ్డీ ఎక్కడుంది, కోత తర్వాత నిలిచేది ఏది అన్నవే అతనికి పొరలు.

ఆ ఎరుకతో చూస్తే ఒక్కో పద్ధతికీ ఒక్కో గుణం కనిపిస్తుంది. కొట్టి పగలగొట్టే బ్రేకర్ దెబ్బకు రౌద్రముంది. పూర్తిగా పడగొట్టాల్సిన దిమ్మె మీద అది న్యాయమే. సగం నిలవాల్సిన గోడ మీద ఆ అదురు కంటికి కనిపించని సన్న బీటలను మిగిలిన భాగంలోకి పంపుతుంది. నేల కోసే కట్టర్‌ది సరళరేఖ. రోడ్డు మీద, స్లాబు మీద తాడు పట్టినట్టు పోతుంది. గోడకు పట్టాలు బిగించి నడిపే రంపం ఆ రేఖనే నిలువుకు తెస్తుంది. అయితే చక్రపు బ్లేడుకు లోతు హద్దు ఉంది. 600 మి.మీ. బ్లేడు పావు మీటరు దగ్గరే ఆగిపోతుంది. అంతకు మించిన మందాన్ని, వంతెన స్తంభాల వంటివాటిని కోయడానికి వజ్రపు పూసలు గుచ్చిన ఉక్కు తీగ కావాలి. తీగ స్తంభాన్ని చుట్టుకుని పరుగెడుతూ, అదురు లేకుండా, మెల్లగా దాటిపోతుంది. చూడటానికి ఇంత శాంతమైన కోత మరొకటి లేదు. అధిక పీడనంతో నీటిని చిమ్మే పద్ధతి చెడిన కాంక్రీటును ఊడ్చేసి కడ్డీలను చెక్కుచెదరకుండా ఉంచుతుంది. మన నదులు యుగాలపాటు చేసిన పనిని మనిషి గంటల్లోకి కుదించుకున్నాడు.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది గోడలో కిటికీ తెరిచే పని. గుండ్రని బ్లేడు మూల దగ్గర సరిగ్గా ఆగలేదు. లోపలి ముఖం దాకా తెగాలంటే పైముఖం మీద గీత మూల దాటి పోవాల్సిందే. ఆ దాటిన గీతే రేపటి బీటకు మొదలు. కాబట్టి తెలిసిన పనివాడు ముందు నాలుగు మూలలా బోలు గొట్టపు బిట్టుతో గుండ్రని రంధ్రాలు దించుతాడు. తర్వాతే రంధ్రం నుంచి రంధ్రానికి బ్లేడు నడుపుతాడు. రేఖ వచ్చి వలయంలో విశ్రమిస్తుంది. పదునైన మూలలో పేరుకునే ఒత్తిడి గుండ్రని అంచు చుట్టూ పంచుకుపోతుంది. గోడ బాగుండాలని చేసిన పని కంటికీ ఇంపుగా ఉంది. బెలుం గోడలకు మూలలు ఎందుకు లేవో నీటికి తెలిసిన రహస్యమే ఈ నాలుగు రంధ్రాల్లోనూ ఉంది.

కాంక్రీటు కోతలో అన్నిటికంటే సున్నితమైనది కొత్త గచ్చు మీద వేసే గీత. గట్టిపడుతూ కాంక్రీటు ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ ఎక్కడో పగులుతుంది. పగులును ఆపలేం, దానికి దారి చూపగలం. పలక మందంలో నాలుగో వంతు లోతుకు, అంటే 150 మి.మీ. పలకకు దాదాపు 40 మి.మీ. లోతుకు, వరుసగా గీతలు కోస్తే పగులు ఆ గీతల కిందే ఒదిగిపోతుంది. పొర లేని రాతికి మనిషి పొర ఇవ్వడమంటే ఇదే. దీనికి వేళ ముఖ్యం. తొందరపడితే అంచులు పొడిపొడిగా రాలుతాయి. ఆలస్యమైతే కాంక్రీటు మన కోసం ఆగకుండా తనకు తోచిన చోట పగులుతుంది. కర్నూలు, కడపల్లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు ఈ అదను కొన్ని గంటలకే కుదించుకుపోతుంది. పొద్దున పోసిన గచ్చుకు కట్టర్ మరుసటి రోజు వస్తే లాభం లేదు. పోసినవాడే పక్కన కూర్చుని, ముట్టి చూసి, వేళ తెలుసుకోవాలి. విత్తే అదను ఎరిగిన రైతుల నేల మీద ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

సరైన పద్ధతిలో తెగిన కాంక్రీటు ముఖం ఎంత అందంగా ఉంటుందో నీళ్ళు చల్లి చూడాలి. బూడిద రంగు సిమెంటులో నల్ల కంకర, గులాబీ కంకర, ఇసుక చుక్కలు మెరుస్తాయి. మధ్యలో తెగిన కడ్డీ వెండి బిళ్ళలా నిలుస్తుంది. కంకర ఎలా సర్దుకుందో, ఎక్కడ గాలి బుడగ చిక్కిందో, దట్టించడంలో ఎవరు శ్రద్ధ పెట్టారో అన్నీ చదువుకోవచ్చు. బ్రేకర్‌తో పగిలిన ముఖం ఇవేవీ చెప్పదు.

కాశ్మీరపు క్షేమేంద్రుడు పదకొండో శతాబ్దంలో రసకావ్యానికి ప్రాణం ఔచిత్యమని సిద్ధాంతం చేశాడు. అలంకారం ఎంత విలువైనదైనా తగిన చోట లేకపోతే శోభించదన్నది దాని సారం. కోతకూ ఇదే కొలమానం. ఖరీదైన తీగ రంపం ప్రతి చోటా గొప్పది కాదు, గడ్డపార ఎక్కడా చిన్నది కాదు. నాపరాతి పొర మీద గడ్డపారే ఉత్తమం. ఎంత మంచి బ్లేడైనా ఆ పొర ముఖంలోని అలల గరుకును ఇవ్వలేదు. నిలవాల్సిన గోడలో బ్లేడు ఉత్తమం, లోతైన స్తంభానికి తీగ ఉత్తమం.

ఔచిత్యంలో మనిషి కూడా భాగమే. పొడిగా కోస్తే ఇసుక, కంకరల నుంచి లేచే సిలికా ధూళి పనివాడి ఊపిరితిత్తులను తినేస్తుంది. నీళ్ళు పోసి కోస్తే ధూళి అణుగుతుంది, బ్లేడు చల్లబడుతుంది. నీళ్ళకు కరువున్న సీమలో ఆ నీళ్ళను తొట్టిలో తేర్చి మళ్ళీ వాడుకోవడం, మిగిలిన బురదను వంకల్లోకి వదలకపోవడం పనిలో భాగం కావాలి. పనివాడి రొమ్మును, ఊరి నీటిని చెరిచి సాధించిన నున్నని అంచును నేను అందమని ఒప్పుకోను.

ఇల్లు కట్టేవాళ్ళు, కట్టిన ఇంటిని మార్చేవాళ్ళు గజానికి ఎంత, ఎన్ని రోజులు అని అడుగుతారు. అడగాల్సిందే. దానికి ముందు మాత్రం కోత అయ్యాక మిగిలేదాని సంగతేమిటని అడగాలి. ఆ ప్రశ్నకు నిదానంగా, చోటు చూపించి జవాబు చెప్పగలిగిన పనివాడికే పని ఇవ్వండి. తొలగించేదాని మీద కంటే మిగిలేదాని మీద ప్రేమ ఉన్న కోతే గొప్ప కోత. రాయలసీమ బండలు కొట్టిన చేతులు శతాబ్దాలుగా పాటించిన నీతి అదే, కాంక్రీటు కాలానికీ దాన్ని మించిన నీతి అక్కర్లేదు.