మహానవలలూ, సామాన్య పాఠకుని ఎకసక్కెమూ

సాహిత్య విమర్శకు రెండు నివాసాలున్నవి. ఒకటి అచ్చుపుటలలో, రెండవది అరుగులమీద, రైలుపెట్టెలలో, భోజనానంతర గోష్ఠులలో. మొదటిదానికి పీఠం, పరిభాష, పరివారం కలవు. రెండవదానికి ఉన్న ఆయుధం ఒక్కటే: ఎకసక్కెం. "చదివి చదివి నాకు నిద్ర వచ్చినది గాని, కథానాయకునకు మాత్రం ఇంకను జ్ఞానోదయం కాలేదు" అని ఒక పాఠకుడు ఎంతటి ఉత్తమ నవలనైనను ఒక్క వాక్యంతో చాపచుట్టి అవతల పెట్టగలడు.

విమర్శకులు ఈ రెండవ రకపు మాటలను లెక్కలోనికి తీసికొనరు. తీసికొన్నను, పాఠకుని అజ్ఞానానికి నిదర్శనంగా ఉదాహరించి, నవ్వి ఊరకుంటారు. ఇది న్యాయం కాదని నా మనవి. సామాన్య పాఠకుడు ఎగతాళి చేసినప్పుడు అతని తీర్పు తరచుగా తప్పే కావచ్చును. కాని అతని చూపు అంత తరచుగా తప్పదు. అతడు వేలుపెట్టి చూపిన చోటనే అనేక పర్యాయాలు ఆ నవలయొక్క ఆయువుపట్టు ఉంటుంది. దీనికి సాక్ష్యంగా ఒక విచిత్రమైన పత్రాన్ని, రెండు మూడు నవలలను ఇక్కడ పరిశీలింతము.

ఆ పత్రం ఇంగ్లీషు నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ స్వహస్తంతో వ్రాసికొన్నది. ఆమె 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' 1814లోను, 'ఎమ్మా' 1815 డిసెంబరులోను వెలువడినవి. పుస్తకాలమీద ఆమె పేరు లేదు. అయినను బంధువర్గానికి, పరిచయస్థులకు రచయిత్రి ఎవరో తెలియును. వారు నోటితోనో, ఉత్తరంలోనో తెలిపిన అభిప్రాయాలను ఆమె మనిషికొక పద్దు చొప్పున వ్రాసి దాచుకొన్నది. ఆ కాగితాలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి. మెచ్చుకోళ్లతోపాటు వాతలు కూడ అందులో కలవు. కన్నతల్లియే 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' నాయికయైన ఫానీ ఉప్పూకారం లేని పిల్ల అని తేల్చివేసినది. ఒక మేనకోడలు ఆ ఫానీని భరించలేకపోయినది. ఒక పెద్దింటి స్త్రీ, అంతకు పూర్వపు నవలలు రెండును శుద్ధ అర్థరహితాలని ఒప్పుకొని, ఇదైన మెరుగుగా ఉండునని ఆశించి, మూడు సంపుటాలలో మొదటిది ముగియగానే ఇక గండం గడిచినదని సంతోషించినది. 'ఎమ్మా'ను గురించి ఒక పెద్దమనిషి మరింత పొదుపు పాటించినాడు. ఆ నవల రక్తికట్టదని ఎవరో చెప్పగా విని, మొదటి ప్రకరణం, చివరి ప్రకరణం మాత్రమే చదివి ముగించినాడు. రచయిత్రి తెలిసిన మనిషి కాకపోయినట్లయితే పుస్తకం చివరంటా చదవడం తన వల్ల కాకపోయేదని మరొక ఇల్లాలు సెలవిచ్చినది. వేరొకరికి ఆ నవల ఎంత నచ్చలేదంటే, ఆ అభిప్రాయాన్ని చేరవేయవలసిన బంధువు దానిని పంపడానికే జంకినది. ఆ పంపకపోవడాన్ని కూడ ఆస్టెన్ పద్దులో చేర్చుకొన్నది.

ఈ పట్టికను శ్రద్ధగా చదివినచో ఎకసక్కెం చేసేవారు మూడు తెగలుగా కనిపిస్తారు. మొదటివాడు చదవనివాడు. వీనిని ఆస్టెన్ బాగుగా ఎరుగును. ఆమె మరణించిన పిమ్మట 1817 చివర వెలువడిన 'నార్తాంగర్ ఆబీ'లో జాన్ థార్ప్ అను యువకుడు 'ఉడాల్ఫో' అను నవలను తీసిపారవేసి, చదివితే గిదితే శ్రీమతి రాడ్‌క్లిఫ్ నవలలే చదువుతానంటాడు. 'ఉడాల్ఫో' వ్రాసినది ఆ రాడ్‌క్లిఫే! ఇట్టివాని ఎగతాళివలన మనకు ఆ పుస్తకాన్ని గురించి ఏమియు తెలియదు. వానిని గురించి మాత్రం సమస్తమూ తెలియును.

రెండవవాడు నొచ్చుకొన్నవాడు. ఆస్టెన్ చిత్రించిన మతాచార్యులు ఒకరికి నచ్చలేదు. నాయిక లోపాలను బయటపెట్టి స్త్రీజాతిని చిన్నబుచ్చినదని వేరొక స్త్రీ ఆక్షేపించినది. అంతటితో ఆగక, నవలలోని బేట్స్ తల్లీకూతుళ్లు తాము ఎరిగిన ఫలానావారేనని ఆమె దృఢంగా నమ్మినది. ఆ ఫలానావారి పేరైన తాను వినలేదని ఆస్టెన్ ప్రక్కన వ్రాసికొన్నది. ఈ ఆక్షేపణను తిరగవేసి చూడండి. ఎన్నడూ చూడని మనుష్యులను, ఎరిగినవారు ఆనవాలు పట్టేటట్లు చిత్రించినదని గదా దాని అర్థం! నిందగా ప్రారంభమైన మాట యోగ్యతాపత్రంగా ముగిసినది.

మూడవవాడు విసుగు చెందినవాడు. ఇతడే మనకు ముఖ్యుడు. 'ఎమ్మా' మరీ సహజంగా ఉన్నందువల్ల రక్తికట్టలేదని ఒక ఇల్లాలు అభిప్రాయపడినది. నవ్వు పుట్టించే మాటయే. కాని నూరు పుటల సిద్ధాంతవ్యాసంకంటె ఈ మాట ఆ నవలకు దగ్గరగా ఉన్నది. అపహరణాలు, శిథిల దుర్గాలు, మూర్ఛలు నిండిన కథలకు అలవాటుపడిన కాలంలో, హైబరీ అను చిన్న ఊరిలో పరామర్శలు, విందులు, వివాహాల ఊహాగానాలు తప్ప మరేమియు జరుగని కథను ఆస్టెన్ వ్రాసినది. ఆమె చేసిన సాహసం ఏమిటో ఆ ఇల్లాలు సరిగా కనిపెట్టినది. దానిని లోపమనుకొన్నది, అంతే.

ఆ విసుగుకు ప్రతిమ మిస్ బేట్స్. వయస్సు మళ్లిన అవివాహిత. అంతకంతకు బీదరికంలోనికి జారుతున్న మతాచార్యుని కుమార్తె. నోరు విప్పిందంటే వసపిట్ట. ఉత్తరంలోని సంగతి చెప్పబోయి, ఉత్తరం ఎక్కడ పెట్టినదీ, దానిమీద ఏమి పెట్టినదీ, అమ్మకు కళ్లద్దాలతో ఎంత బాగుగా కనిపిస్తున్నదీ చెప్పి, చివరకు అసలు సంగతిని ఊపిరాడకుండ చేయగలదు. అవసరపు పాఠకుడు ఆ పుటలు తిరగవేస్తాడు. కాని జేన్ ఫేర్‌ఫాక్స్, ఫ్రాంక్ చర్చిల్‌ల రహస్య వివాహ నిశ్చయానికి ఆధారాలు ఆ వాగుడులోనే చెల్లాచెదురుగా పడి ఉన్నవి. తెలివిగల ఎమ్మా వినదు. తెలివిగల పాఠకుడు వినడు. ఇద్దరూ ఒక్కసారే మోసపోతారు.

ఇంకొక విశేషం కలదు. బాక్స్ హిల్ అను కొండకు అందరూ వనవిహారానికి వెళ్లినప్పుడు, వినోదంకోసం ఎవరైనను మూడు నీరసమైన మాటలైనా చెప్పవచ్చునన్న ప్రస్తావన వస్తుంది. అది తనకు సులభమే నని మిస్ బేట్స్ అమాయకంగా అంటుంది. అప్పుడు ఎమ్మా, ఒక్కసారికి మూడే అన్న నియమమే నీకు కష్టం అన్న అర్థం వచ్చే చమత్కారం విసురుతుంది. ఆ బాణం తగిలిన తరువాత మిస్ బేట్స్ ముఖం ఎర్రబడినదే గాని కోపం రాలేదు; తానంత విసుగు పుట్టిస్తున్నానా అని నొచ్చుకొన్నది. ఆమె బీదరాలు, ఇంకను బీదరాలు కాబోయేది, నీవంటిదానికి ఇది తగునా అని నైట్లీ మందలించిన పిదప ఎమ్మా బండిలో కన్నీరు కార్చినది. నవల అంతటికి ఇదియే మలుపు. మిస్ బేట్స్‌ను చూచి మనం ఇంతవరకు చేసిన ఎకసక్కెమునే ఎమ్మా నోట పలికించి, దాని ఖరీదు ఎంతో రచయిత్రి మనకు లెక్కచెప్పినది. పరిహాసం చేసే పాఠకునికి కథలో ముందుగానే ఒక పీట వేసి ఉంచినదన్నమాట.

ఈ మర్యాద ఆస్టెన్‌తో ప్రారంభం కాలేదు. 'డాన్ క్విక్సోట్' మొదటి భాగం 1605లో వచ్చినది. 1615 నాటి రెండవ భాగంలో కరాస్కో అను విద్యార్థి వచ్చి, మొదటి భాగాన్ని చదివినవారి ఆక్షేపణలను నాయకునికే విన్నవిస్తాడు. నడుమ ఒక సంబంధం లేని కథ ఇరికించినారని, సాంకో గాడిద పోయినది, మళ్లీ వచ్చినది, ఎట్లు వచ్చినదో చెప్పలేదని, అతనికి దొరికిన నూరు నాణెములు ఏమైనవో తెలియలేదని, నాయకునికి పడిన దెబ్బలు కొన్ని తగ్గించవచ్చునని. సెర్వాంటిస్ ఆ పరిహాసాలను దాచలేదు. కథలోనే వాటికి సమాధానం చెప్పించినాడు. సంబంధం లేని కథలను రెండవ భాగంలో తగ్గించినాడు. పాఠకుని మాట రచయితకు ఉపకరించినదనుటకు ఇంతకంటె ప్రసిద్ధమైన నిదర్శనం అక్కరలేదు.

దీనినుండి ఒక పరీక్షను మనం ఏర్పరచుకొనవచ్చును. పాఠకుడు ఎగతాళి చేసిన అంశాన్ని ఆ నవల తానే ఎరుగునా, ఎరుగదా? ఎరిగి, దానిని పనికి పెట్టినచో ఎకసక్కెం కళయొక్క గుట్టును చూపినట్లు. ఎరుగనిచో ఎకసక్కెం నిజంగా లోపాన్నే చూపినట్లు. రెండు సందర్భాలలోను అది ఉపయోగించినది.

ఈ పరీక్షను మన దేశపు మహానవలలలో ఒకదానికి, ప్రేమ్‌చంద్ 1936లో ప్రకటించిన 'గోదాన్'కు అన్వయింతము. దీనిమీద మామూలు పాఠకుడు వేయదగిన చురకలు మూడు. పుస్తకం పేరు గోదానం. అందులో గోవు ఉన్నది నాలుగు నాళ్లు. పల్లె కథ పట్టుమీద ఉండగా పట్నవాసుల విందులు, వేట, వాదోపవాదాలు అడ్డుపడును. హోరీ అందరికీ తలవంచును. ఇట్టి మెతకమనిషి కథానాయకుడు ఎట్లగును?

మొదటి చురకకు నవల సిద్ధంగా ఉన్నది. హోరీ జన్మమంతా కోరినది వాకిట ఒక ఆవు. భోలావద్ద అరువుకు తెచ్చిన ఆవును తమ్ముడు హీరాయే విషం పెట్టి చంపినాడు. చివర హోరీ ప్రాణం పోవునప్పుడు గోదానానికి బదులు ధనియా భర్త చల్లబడిన చేతిలో పెట్టినది, పురికొస అమ్మగా వచ్చిన 20 అణాలు. గోవు లేకపోవుటయే ఈ గోదానం. నవ్విన పాఠకుడు ఆ శూన్యాన్ని మొదట చూచినవాడు.

రెండవ చురక సగం చెల్లును. రాయ్‌సాహెబ్ ఇంటి ఉత్సవానికి హోరీ గ్రామంనుండి 500 రూపాయలు రావలెను. రైతుల చెరకు పోవునది పట్నపు మిల్లుకు. ఆ డబ్బును అక్కడే అప్పులవారు పట్టుకొందురు. కాబట్టి పట్నం లేకుండ పల్లె దుఃఖానికి కారణం తెలియదు. కాని ప్రొఫెసర్ మెహతా దీర్ఘోపన్యాసాలలో కొన్ని కథకు ఈ విధంగా ఉపకరించవు. అక్కడ ఆవులించిన పాఠకుని తప్పుపట్టడం భక్తి అగునేమో గాని విమర్శ కాదు.

మూడవ చురకకు సమాధానం చెప్పవలసిన భారం మాత్రం అనువాదకునిమీద పడుతున్నది. హోరీ మాటిమాటికి పలికే పదం 'మర్‌జాద్'. వ్యుత్పత్తి చూచి దీనిని 'మర్యాద' అని తెలుగు చేసినచో పదం దక్కును, మనిషి దక్కడు. మన వాడుకలో మర్యాద అనగా ఎదుటివానికి చూపే మన్నన. అప్పుడు హోరీ కేవలం మర్యాదస్థుడైన మెతకమనిషి యగును. పాఠకుని ఎకసక్కెం గెలుచును. 'పరువు' అన్నచో భూమి, ఇల్లు, కులంలో చోటు, నలుగురిలో తల ఎత్తుకొనుట, ఇవన్నీ ఆ మాటలోనికి వచ్చును. పంచాయతీ విధించిన జరిమానాకు ఇంటి గింజలు మోసిపెట్టిన రైతు అప్పుడు పిచ్చివాడుగా కనిపించడు; పరువుకు వెల చెల్లిస్తున్నవాడుగా కనిపించును. ఒక్క పదంమీద ఒక నాయకుని బ్రతుకు ఆధారపడి ఉన్నది.

మిస్ బేట్స్‌తో వచ్చే చిక్కు వేరు. ఇంగ్లీషులో ఆమె వాక్యాలు నడుమనే తెగిపోవును. కర్తా క్రియా ముందే రావడంవలన అర్థం మాత్రం తెగదు. తెలుగులో క్రియ చివర వచ్చును గనుక, వాక్యాన్ని అట్లే తెంపినచో మిగిలేది వాగుడు కాదు, అయోమయం. మన వసపిట్టలు వాక్యాన్ని తెంచరు, అతుకుతారు. 'అన్నట్టు', 'చెప్పొచ్చేదేమిటంటే', 'నా మతి మండ' వంటి అతుకులతో ఒక ప్రసంగాన్ని గంటసేపు సాగదీయగలరు. ఆ అతుకులతోనే ఆమెను మాట్లాడించవలెను. అప్పుడు విసుగుతోపాటు రహస్యం కూడ తెలుగులోనికి దిగుమతి యగును.

ఇంతకును మహాగ్రంథాలకు ఉన్న అపాయాలు రెండు. పరీక్షకోసం చదివించి, నవ్వరాదని శాసించి, భక్తితో బీరువాలో పెట్టి తాళం వేయుట ఒకటి. పాఠకునికి విసుగు వచ్చునని భయపడి, సంక్షిప్తం చేసి, మిస్ బేట్స్ నోరు మూయించి, హోరీ వెంట పట్నాన్ని కోసివేసి చేతిలో పెట్టుట రెండవది. మొదటిదానివలన పుస్తకం ఉండును, పాఠకుడు ఉండడు. రెండవదానివలన పాఠకుడు ఉండును, పుస్తకం ఉండదు. ఈ రెండింటికంటె, చివరంటా చదివి, నిర్భయంగా ఎకసక్కెమాడిన పాఠకుడు సాహిత్యానికి మేలు చేసినవాడు. అతనితో వాదించవచ్చును. అతడు చూపిన చోటికి వెళ్లి, రెండవసారి చదివి, అక్కడ ఏమున్నదో అతనికి చూపవచ్చును. లేదా అతనిదే నిజమని అంగీకరించవచ్చును. తనను తెగనాడిన మాటలను సైతం ఓపికగా పద్దు వ్రాసికొన్న ఆ రచయిత్రికి ఈ సంగతి తెలియును. మన విమర్శకులు, అనువాదకులు కూడ ఒక పద్దుపుస్తకం తెరవడం మంచిది.