వాడుకమాట యంత్రమునకు పునాది కాగలదా?

మహబూబ్‌నగర్ జిల్లాలో బోరుబావి క్రింద సేద్యము చేయు రైతు తన పనివానితో “మడి తడిసినంక మోటరు బంద్ చెయ్యి” అనును. పనివానికి ఈ అయిదు మాటలు చాలును. ఏ మడియో, ఎంత తడియో, నడుమ కరెంటు పోయి మరల వచ్చినచో ఏమి చేయవలెనో రైతు చెప్పలేదు, చెప్పనక్కర లేదు. అది ఆ ఇరువురికిని ముందే తెలిసిన సంగతి. యంత్రమునకు ఇదే పని ఒప్పగింపవలెనన్న, నేలలో తేమను కొలుచు పరికరము కావలెను. తేమ ఎంత శాతమునకు చేరిన “తడిసినది” అనవలెనో అంకెలో నిర్ణయింపవలెను. కరెంటు పోయిన సందర్భమునకు వేరుగా ఆజ్ఞ వ్రాయవలెను. వాడుకమాటలోని సౌలభ్యమంతయు చెప్పక విడిచిన దానిలోనే ఉన్నది. యంత్రమునకు చెప్పవలసినదియు సరిగా అదే.

మనిషి మాటలాడు భాషలోనే కంప్యూటరుకు పని చెప్పవలెనను కోరిక నేటిది కాదు. 1959లో అమెరికాలో ఒక సంఘము ‘కోబాల్’ అను భాషను రూపొందింప పూనుకొన్నది. గ్రేస్ హాపర్ అంతకుముందు నిర్మించిన ‘ఫ్లోమాటిక్’ దానికి మార్గము చూపినది. ఇంగ్లీషు వాక్యముల వలె ఉన్నందున లెక్కల గుమాస్తాలు, అధికారులు కూడ దీనిని చదువగలరని ఆశించిరి. కాని చూపునకు ఇంగ్లీషే అయినను, లోపల అది కట్టుదిట్టమైన సంకేతభాషయే. వాక్యము చివర చుక్క ఒకటి తప్పుచోట పడినచో లెక్క మారిపోవును. మాటలు తెలిసినవే గదా అని నమ్మిన కొత్తవాడు అక్కడనే మోసపోవును.

ఉపాధ్యాయులకు పరిచితమైన ఉదాహరణము ఒకటి గలదు. “గణితములో, సామాన్యశాస్త్రములో తప్పినవారి పేర్లు వ్రాయుము” అని ప్రధానోపాధ్యాయుడు అడిగెననుకొందము. గణితములో ఏడుగురు, శాస్త్రములో అయిదుగురు తప్పిరి; వీరిలో ముగ్గురు రెండింటను తప్పినవారు. జాబితాలో ఎన్ని పేర్లు ఉండవలెను? రెండింటను తప్పినవారు అని అర్థము చేసికొనిన మూడు. ఏదో ఒకదానిలోనైనను తప్పినవారు అనుకొనిన తొమ్మిది. వాక్యము తప్పు కాదు, తెలుగు తప్పు కాదు. రెండర్థములును అందులో ఉన్నవి. మనుష్యుడైన గుమాస్తా ఒకమారు అడిగి తెలిసికొనును. ఇప్పటి యంత్రములు మామూలు తెలుగు వాక్యమును తీసికొని దానికి తగిన ప్రోగ్రామును వ్రాసి ఇచ్చుచున్నవి. ఇది మెచ్చదగిన ప్రగతియే. అయితే, అవి తరచు అడుగకయే ఒక అర్థమును ఎన్నుకొని ముందుకు పోవును. మూడు పేర్ల జాబితా చక్కగా అచ్చై వచ్చినప్పుడు మిగిలిన ఆరుగురి సంగతి ఎవరికి తోచును?

డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా ఈ కోరికను అవివేకమని నిర్మొగమాటముగా ఖండించెను. గణితమున సంకేతములు భారము కావు, సౌకర్యము అని ఆయన వాదము. చరిత్ర దీనికి సాక్షి. తొమ్మిదవ శతాబ్దమున అల్ ఖ్వారిజ్మీ బీజగణితమును పూర్తిగా మాటలలోనే వ్రాసెను. మహావీరాచార్యుని గణితమును తెలుగు చేసిన పావులూరి మల్లన పద్యములలో లెక్కలు చెప్పెను. పద్యము జ్ఞాపకమునకు మేలు. కాని అదే లెక్కను నేడు తొమ్మిదవ తరగతి పిల్లవాడు x అని, y అని గుర్తులు పెట్టి రెండు పంక్తులలో తేల్చుచున్నాడు.

పాఠశాలలలో వినవచ్చు మరొక మాటను కూడ ఇచ్చట పరీక్షింపవలెను: కంప్యూటరుకు సంస్కృతమే అత్యుత్తమ భాషయని అమెరికా అంతరిక్షసంస్థ తేల్చినదట! దీనికి మూలము రిక్ బ్రిగ్స్ 1985లో ప్రచురించిన వ్యాసము. అందు ఆయన ప్రోగ్రాములను సంస్కృతములో వ్రాయుమని చెప్పలేదు. వాక్యార్థమును సందిగ్ధత లేకుండ విప్పి చెప్పుటకు మన శాస్త్రకారులు వాడిన పద్ధతికిని, యంత్రములలో జ్ఞానమును పొందుపరచు పద్ధతికిని గల పోలికను చూపెను. ఆ శాస్త్రభాష వాడుకభాష కాదు. పండితులు ప్రయత్నించి బిగించినది. కనుక ఆ వ్యాసము వాడుకభాషా వాదమునకు బలము కాదు, ఎదురు సాక్ష్యమే.

పాణిని మార్గమును ఇంతకంటె వివేకముగా వాడినవారు కలరు. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ ప్రభృతులు ‘అక్షర భారతి’ పేర 1995లో గ్రంథమును వెలువరించిరి; వారి ‘అనుసారక’ కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై హైదరాబాదునకు వచ్చినది. తెలుగు వంటి భాషల నుండి హిందీకి దారి చూపుట దాని పని. “బర్రె గడ్డి మేసింది” అను వాక్యమును చూడుడు. రెండు నామములకును విభక్తి ప్రత్యయము లేదు. క్రియ రెండింటికిని సరిపోవును. “గడ్డి బర్రె మేసింది” అన్నను అర్థము మారదు. మేసినది ఎవరో వ్యాకరణము చెప్పదు, లోకజ్ఞానము చెప్పును. అనుసారక నిర్మాతలు దీనిని దాచలేదు. భాషకు సంబంధించిన శ్రమ యంత్రమునకు, లోకజ్ఞానము పాఠకునికి అని పనిని పంచిరి. అనువాదము సొగసుగా ఉండదు. కాని యంత్రము తనకు తెలియనిది తెలిసినట్లు నటింపదు. ఈ నిజాయితీ తరువాతి యంత్రములలో కొంత తగ్గినది.

ఇక, వాడుకభాష యనగా ఎవరి వాడుక? 2022లో కేంద్రప్రభుత్వము ‘భాషిణి’ని ప్రారంభించిన పిమ్మట, తెలుగులో మాటలాడి పని జరిపించుకొను అవకాశము పెరిగినది. కాని యంత్రము నేర్చు తెలుగులో అధికభాగము అచ్చులోనిది. పాలమూరు పల్లెలలో “పోయాడు” అనరు, “పోయిండు” అందురు. దాహము కాదు, “దూప”. “మాపటికి నీళ్లు పెట్టు” అన్న ఆ సాయంకాలమే అని అర్థము. “రేపోమాపో” అను వ్రాతవాడుకను బట్టి యంత్రము దానిని ఎప్పుడో ఒకప్పుడని తీసికొన్నచో, మడికి ఆ పూట నీరు అందదు.