సంస్కృతికి తగిన మనోవైద్యం: ఎవరి సంస్కృతికి?

మనోవైద్యం రోగి సంస్కృతిని ఎరిగి ఉండాలని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. మంచిదే. అయితే ఏ సంస్కృతి అన్న దగ్గరే మా పేచీ. ఆ మాటకు అర్థం చెప్పేవాళ్లు భాష, కుటుంబం, మతం, యోగా దాకా వస్తారు. కులం దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదు. ఓర్చుకోమని, కర్మ అనుకోమని తరాలుగా నేర్పిన సంస్కృతే గాయం చేసినప్పుడు, దాన్నే మందుగా నూరి పొయ్యడం ఏం వైద్యం?

అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'ను అంటరానితనానికి సాక్ష్యంగా చదివాం. మనసుకు తగిలిన దెబ్బకు సాక్ష్యంగా చదవలేదు. విదేశాల్లో పెద్ద చదువులు చదివి బరోడా సంస్థానంలో కొలువుకొచ్చిన మనిషికి ఉండటానికి ఇల్లు లేదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో దిగాడు. సంగతి తెలిసి కర్రలతో వచ్చి గెంటేశారు. పద్దెనిమిదేళ్ల తర్వాత రాస్తూ కూడా, ఆ దృశ్యం కన్నీళ్లు లేకుండా గుర్తుకు రాదని చెప్పుకున్నాడు.

ఆనాడు ఆయన పేరు దాచుకున్నాడు. ఇవాళ హాస్టళ్లలో మన పిల్లలు ర్యాంకు దాచుకుంటున్నారు, ఊళ్లో తమ ఇల్లు ఏ దిక్కున ఉందో దాచుకుంటున్నారు. ఎప్పుడు బయటపడుతుందోనన్న ఆ భయాన్ని వైద్యుడు 'ఆందోళన' అని రాసుకుంటాడు. రాసింది తప్పు కాదు, సగమే. భయం పిల్లవాడి లోపల ఉంది, దాని కారణం పక్క బెంచీ మీద కూర్చుని ఉంది.

2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి గెంటేయబడ్డ ఐదుగురు పరిశోధక విద్యార్థులు ఆరుబయట 'వెలివాడ' వేసుకున్నారు. వాళ్లలో రోహిత్ వేముల జనవరి 17న చనిపోయాడు. విచారణకు వేసిన ఏకసభ్య కమిషన్ ఆ చావుకు వ్యక్తిగత నిస్పృహే కారణమంది, వివక్ష కాదంది. వెలిని పక్కనపెట్టి మనసును మాత్రమే చూస్తే తేలేది ఇదే. దెబ్బ తిన్నవాడి మనసే దోషి అవుతుంది.

చట్టాలు లేక కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, వైద్యం అందించడంలో కుల వివక్ష కూడదంటుంది. విశాఖపట్నంలో చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వందా అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో కౌన్సిలర్ ఉండాలనీ, ఎస్సీ ఎస్టీ పిల్లలతో సున్నితంగా మెలగడం సిబ్బందికి నేర్పాలనీ ఆదేశించింది. స్వాగతిస్తున్నాం. కానీ సంస్థ జీతమిచ్చే కౌన్సిలర్ దగ్గర, ఆ సంస్థ ప్రొఫెసర్ చేసిన అవమానాన్ని ఏ ధైర్యంతో చెప్పుకోవాలి? చెప్పిన మాట గది దాటదన్న హామీ ఎవరిస్తారు?

ఇక మన తప్పు. ఉద్యమంలో మనం 'ఏడవొద్దు, కొట్లాడు' అన్నాం. నిద్ర పట్టడం లేదన్న తమ్ముణ్ణి మీటింగుకు రమ్మన్నాం. మందులు వాడుతున్న చెల్లెల్ని చూసి బలహీనత అనుకున్నాం. కన్నీళ్లను నినాదాలుగా మార్చడం తెలుసు గానీ, కన్నీళ్ల పక్కన కూర్చోవడం నేర్చుకోలేదు. ఇంటి దగ్గర తల్లిదండ్రులదీ అదే అవస్థ. ఫోన్లో కొడుకు మాట తగ్గితే డబ్బులయిపోయాయేమో అనుకుంటారు. ఇంకేం అడగాలో వాళ్లకెవరు చెప్పారు?

కారణం కులమైనా నొప్పి నొప్పే. దానికి మందు, మాట, మనిషి తోడు కావాలి. కాబట్టి మా వాదన రెండు వైపులా. మనోవైద్య శిక్షణలో కులం పాఠంగా ఉండాలి. సహాయం వాడకు రావాలి, కూలి పనుల నుంచి ఇంటికి చేరిన వేళకు రావాలి, జాలితో కాదు గౌరవంతో రావాలి. మన సంఘాలు మానసిక వైద్యానికి అంటిన సిగ్గును ముందు తమలో తాము కడుక్కోవాలి. 2022 అక్టోబరు నుంచి 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నంబరు ప్రతి హాస్టల్ గోడ మీదా రాయాలి. అవతల ఫోనెత్తినవాళ్లు 'నీకేమైంది' అని అడిగి ఆగిపోకూడదు. 'నిన్నెవరేం చేశారు' అని కూడా అడగాలి.