ఎలియట్ ప్లాటినం తీగ: ఉత్ప్రేరక ఉపమానం – పునఃపరిశీలన

కీలకపదాలు: ఎలియట్, నిర్వైయక్తికత, ఉత్ప్రేరకం, ప్లాటినం, ఉపమానం.

1. ఉపోద్ఘాతం

‘సంప్రదాయం – వైయక్తిక ప్రతిభ’ (1919) వ్యాసంలో టి.ఎస్. ఎలియట్ కవి మనస్సును ఉత్ప్రేరకంతో పోల్చాడు. ఆక్సిజన్, సల్ఫర్ డయాక్సైడ్ ఉన్న పాత్రలో ప్లాటినం తీగను ఉంచితే ఆమ్లం ఏర్పడుతుంది. అందులో ప్లాటినం జాడ ఉండదు; ప్లాటినమూ మారదు. నిర్వైయక్తికతా సిద్ధాంతానికి ఆధారంగా నిలిచిన ఈ ఉపమానంలోని రసాయనశాస్త్రాన్ని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

2. ఉపమానంలోని దోషాలు

ఎలియట్ పేర్కొన్నది సల్ఫ్యూరస్ ఆమ్లం. నిజానికి ఈ చర్యలో ఏర్పడేది సల్ఫర్ ట్రయాక్సైడ్; నీటితో కలిస్తే అది సల్ఫ్యూరిక్ ఆమ్లమవుతుంది. ఇది చిన్న పొరపాటు. ఉత్ప్రేరకం తటస్థంగా ఉంటుందన్న భావనే అసలు దోషం.

రసాయన ఇంజనీర్ల అధ్యయన పద్ధతి ఈ భావనను అంగీకరించదు. వాయువుల గాఢత, ఉష్ణోగ్రత, ఉత్ప్రేరక రేణువుల పరిమాణం ఒక్కొక్కటిగా మారుస్తూ వారు చర్యావేగాన్ని కొలుస్తారు. రేణువులను చిన్నవి చేసినప్పుడు వేగం పెరిగితే, వాయువులు రేణువు లోపలికి చేరడంలోనే జాప్యం ఉందని గ్రహిస్తారు. చర్యను దీర్ఘకాలం నడిపి, ఉత్ప్రేరకం సామర్థ్యం ఎంత క్షీణించిందో కూడా లెక్కిస్తారు. ఉత్ప్రేరకం మారదనుకుంటే ఈ చివరి పరీక్షకు అర్థమే లేదు.

ఎలియట్ ఎంచుకున్న చర్యే ఇందుకు సాక్ష్యం. వాయువులలోని ఆర్సెనిక్ ప్లాటినాన్ని నిర్వీర్యం చేస్తుందని రుడాల్ఫ్ క్నీచ్ 1901లోనే వివరించాడు. పరిశ్రమలు తర్వాత వెనేడియం పెంటాక్సైడ్‌కు మళ్లాయి. కార్బన్ మోనాక్సైడ్ ఆక్సీకరణంలో ప్లాటినం ఉపరితల పరమాణువుల అమరికే మారుతుందని 2007 నోబెల్ గ్రహీత గెర్హార్డ్ ఎర్ట్‌ల్ పరిశోధనలు చూపాయి. నైట్రిక్ ఆమ్ల కర్మాగారాల్లో ప్లాటినం వలలు క్రమంగా బరువు కోల్పోతాయి. కొట్టుకుపోయే లోహాన్ని పట్టుకోవడానికి కింద పల్లాడియం వలలు అమరుస్తారు.

3. ముగింపు

ఉపమానం దోషభూయిష్టమైనంత మాత్రాన సిద్ధాంతం కూలిపోదు. అనుభవించే మనిషికీ సృజించే మనస్సుకూ మధ్య ఎలియట్ చూపిన భేదం ఇప్పటికీ ఆలోచనీయమే. అయితే అనుభవమే ప్రాణమైన స్త్రీవాద, దళితవాద కవిత్వాన్ని తటస్థత లేదన్న కారణంతో తక్కువ చేయడానికి విజ్ఞానశాస్త్రాన్ని సాక్ష్యంగా పిలవడం కుదరదు. ఉత్ప్రేరకం చర్యకు దూరంగా ఉండదు. అణువులను తనపై నిలుపుకొని, బంధాలను తెంచి, కొత్త బంధాలకు చోటిచ్చి, తిరిగి తన స్థితికి చేరుకుంటుంది. ఆ క్రమంలో కొంత అరుగుతుంది కూడా. కవి మనస్సుకు ఈ ప్లాటినమే తగిన ఉపమానం.