పెళ్లి ఫొటోలు నచ్చనప్పుడు

సొంతంగా పెళ్లిళ్లు ఒప్పుకొనే కొత్త ఫొటోగ్రాఫర్ నేర్పు, జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్ని పట్టుకోవడంలో కంటే, ఆల్బం చూసి పెళ్లికూతురి తండ్రి ముఖం చిట్లించినప్పుడే బాగా తెలుస్తుంది. అమ్మాయి నల్లగా పడిందన్న ఫిర్యాదుపై వాదనకు దిగక, అది మండపంలోని పసుపు దీపాల ప్రభావమో, వెలుతురు చాలకపోవడమో విడదీసి, సెన్సర్ నమోదు చేసిన సమాచారాన్ని రంగులు దిద్దకుండా దాచే రా ఫైలు తెరిచి, వైట్ బ్యాలెన్స్‌ను, అంటే తెలుపు తెలుపుగానే కనబడేలా రంగులను సరిచేసే అమరికను, మార్చి వారి కళ్లెదుటే చూపడం నిజంగా మెచ్చదగిన పనితనం. (లేని తెలుపు తెచ్చిపెట్టమనడం వేరే సంగతి, అది దిద్దుబాటు కాదు.) మేనమామ ఫొటో అసలే తీయకపోతే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోదు కనుక, తప్పు ఒప్పుకొని, రావలసిన సొమ్ములో కొంత తగ్గించుకోవడమే మర్యాద. ఎన్ని ఫొటోలు, ఎన్నిసార్లు దిద్దుబాట్లు, ఏ తేదీకి ఆల్బం అన్నవి అడ్వాన్సు తీసుకొనేనాడే కాగితం మీద రాసుకొన్నవారికి ఇలాంటి తగవులు అరుదు.