ట్రాలీ తోసినవాళ్ళకు తెలిసేదెంత?

పీటర్ లించ్ రాసిన ‘వన్ అప్ ఆన్ వాల్ స్ట్రీట్’ (1989) చదివిన చాలామందికి గుర్తుండేది మేజోళ్ళ కథే. ఆయన భార్య కెరొలిన్ సూపర్ మార్కెట్లో గుడ్డు ఆకారపు డబ్బాల్లో అమ్మే లెగ్స్ మేజోళ్ళు కొనుక్కొస్తుంది, బాగున్నాయంటుంది. ఆయన వాటిని తయారుచేసే హేన్స్ కంపెనీ షేర్లు కొంటాడు, అవి ఎన్నో రెట్లు పెరుగుతాయి. కనిపెట్టింది ఆవిడ, పేరేమో ఆయనకి. సరే, అది వదిలేద్దాం.

నా పేచీ వేరే. నచ్చిన సరుకు కనబడటం వెతుకులాటకి మొదలు మాత్రమేనని లించ్ స్పష్టంగానే రాశాడు. అప్పులెంత, లాభాలు పెరిగే వేగంతో పోలిస్తే షేరు ధర ఎంత, ఇంకా ఎన్ని ఊళ్ళలో కొట్లు తెరవొచ్చు, ఇవన్నీ చూడమన్నాడు. కానీ కథలు ఎంత బాగా చెప్తాడంటే, ఆ పేజీలు తిప్పేసినా పుస్తకం మొత్తం చదివేసినట్టే ఉంటుంది.

మన డీమార్ట్ సంగతే చూడండి. బిల్లింగ్ లైన్లో నిలబడ్డ ఎవరికైనా ఆ వ్యాపారం అర్థమైపోతుంది: తక్కువ ధర, ఆర్భాటం లేని కొట్టు, ఎప్పుడూ జనం. 2017 మార్చిలో 299 రూపాయలకి ఇచ్చిన షేరు మార్కెట్లోకి వచ్చిన రోజే రెట్టింపు దాటింది. అంటే, ఆ లైను మనకంటే ముందే అందరూ చూసేశారు. ఆ ధరకి కొనొచ్చా లేదా అన్నది లైన్లో నిలబడితే తెలీదు, లెక్కల పేజీలకే పోవాలి. రెండోసారి చదివినప్పుడు నేను అక్కణ్ణుంచే మొదలుపెట్టాను.